దాటింది, దిగింది

కోసపాళయంలో మా పిండిమర మోటారు నేలమీద ఉంటుంది. ఈ సంగతి ముందే చెప్పేస్తే మిగతాదంతా సులువుగా అర్థమవుతుంది. మర రాళ్ళు నడుమెత్తు దిమ్మె మీద ఉంటాయి. మోటారు మాత్రం కింద గచ్చుకు బోల్టులతో బిగించి ఉంటుంది. రెంటినీ కలుపుతూ ఒక పొడుగాటి బెల్టు. మా మామగారు పెట్టించిన రోజునుంచీ ఇంతే. మోటారును కూడా పైకెక్కించేద్దామని నేను ముగ్గురు మెకానిక్కులను పిలిపించాను. ఈ ఇరుకు గదిలో బెల్టుకు ఆ వాలు లేకపోతే జారిపోతుందనీ, ఎత్తాలంటే మర మొత్తం మార్చాలనీ ముగ్గురూ ఒకే మాట అన్నారు. మర మార్చే స్తోమత మాకు లేదు. అందుకని ఐప్పసి నెల, అదే ఇక్కడి తుఫాన్ల కాలం, వచ్చిందంటే నా కళ్ళు ఆ మోటారు మీదే ఉంటాయి.

నేను నాయుడుపేట వైపు పిల్లను. పెళ్ళయి పుదుచ్చేరి వచ్చి ఇరవై ఏళ్ళ పైమాటే. మా ఆయన కరెంటు స్తంభాలెక్కే ఉద్యోగి. ఊరందరూ తలుపులు వేసుకునే రోజున ఆయన బయటికి పోవాలి. గాలివాన వస్తే మర దగ్గర మిగిలేది మేమిద్దరమే, నేనూ మా అత్తా. ఆమెకు డెబ్భై ఏళ్ళు. గొంతు మాత్రం మర హోరును మించి వీధి చివరిదాకా వినిపిస్తుంది. నాకు కోపం ఎక్కువ, ఆమెకు మొండితనం ఎక్కువ. రోజుకు రెండుసార్లయినా మేము పోట్లాడుకోకపోతే ఇంట్లో ఎవరికో ఒంట్లో బాగాలేదని గిరాకీలు అనుకుంటారు.

మా మర దగ్గర మనుషులు వరసలో నిలబడరు, డబ్బాలు నిలబడతాయి. పొద్దున ఆరింటికల్లా ఎవరి డబ్బా వాళ్ళు తెచ్చి గడప పక్కన పెట్టి పోతారు. ఇడియాప్పం అమ్మే ఆమె డబ్బా, సత్తుపిండి చేసి ఆసుపత్రి ముందు అమ్ముకునే ముసలాయన డబ్బా, మెస్సు వాళ్ళ మిరపకాయల గోతం. ఎవరి మూత ఎలా ఉంటుందో నాకు కళ్ళు మూసుకున్నా తెలుసు. ఎప్పుడూ మొదట ఉండేది ఒక పాత నూనె డబ్బా. ఒక పక్క సొట్ట, పిడికి బదులు తాడు. అది మురుకుల అక్కది.

అక్క మా వెనక సందులో ఉండేది. మాలాగే తెలుగు ఇల్లు. వాళ్ళ తాతల కాలంలో నూలు మిల్లు పనికి వచ్చి ఇక్కడే స్థిరపడ్డవాళ్ళు. భర్త పోయాక ఒక్క పొయ్యి, ఒక్క మూకుడు పెట్టుకుని మురుకులు, అరిసెలు చేసి పదిహేను టీకొట్లకు వేసేది. అరిసెలకు బియ్యం నానబోసి, నీళ్ళు వంచి, నీడన ఆరబెట్టి, తడి ఉండగానే మరపట్టాలి. ఒక్కపూట ఆలస్యమైతే పిండి పులిసి పనికిరాదు. అందుకే ఆమె ప్రతి సాయంత్రం మర ముందు ఆగి ఒకే ప్రశ్న అడిగేది. "రేపు మిల్లు ఆడుతుంది గదా, నానబొయ్యనా?" "పొయ్యక్కా," అనేదాన్ని. నేను ఊఁ అంటేనే ఆమె ఇంట్లో బియ్యం నానేది.

ఇక మొదటి తుఫాను సంగతి. రెండు రోజుల ముందే ఫోన్లలో హెచ్చరికలు వచ్చాయి. మేమేమీ నిర్లక్ష్యం చేయలేదు, ఆ మాట ఎవరన్నా అంటే నేను ఒప్పుకోను. మోటారు బోల్టులు విప్పి, దూలానికి వేలాడే గొలుసు కప్పీకి తగిలించి, అత్తా నేనూ ఒక్కో గొలుసు పట్టుకుని తల ఎత్తుకు లాగాం. స్విచ్చు పెట్టె ఎలాగూ గోడ మీద ఎత్తులోనే ఉంది. అక్క తన రెండు బియ్యం మూటలూ, మినప్పప్పూ, నూనె టిన్నులూ మా అటక మీద పెట్టింది. ఆమె ఇల్లు మాకంటే రెండడుగులు పల్లం. రోజంతా గాలి కొట్టింది. రేకులు ఎగిరాయి, చెట్లు కూలాయి, కరెంటు పోయింది. సాయంకాలానికి గాలి ఒక్కసారిగా తగ్గింది.

అప్పుడే అక్క ఫోనులో వార్తలు మోగాయి. తమిళంలో, పుయల్ కరైయ కడందదు అని. నేను వెంటనే లోపలున్న అత్తకు తెలుగులో చెప్పేశాను.

"తుఫాను దాటిందంట అత్తా."

"దాటిందా? యాడికి పోయింది?"

"యాడికో. దాటిపోయింది, అంతే."

ఇప్పుడు తలుచుకుంటే ఒళ్ళు మండుతుంది, నా మీద నాకే. మా భాషలో బస్సు దాటింది అంటే పోయినట్టే. గండం దాటింది అంటే ఇక లేనట్టే. జ్వరం మూడో రోజు దాటింది అంటే లేచి స్నానం చేయించడమే. తీరం దాటింది అనే మాటను కూడా నేను ఆ లెక్కలోనే విన్నాను. బయట గాలి లేదు, ఆకు కదలడం లేదు. ఇంకేం కావాలి? మర్నాటి మర్నాడు నటేశన్ నగర్లో ఒక పెళ్ళి. సారె పళ్ళేలకు అక్క చేతి అరిసెలు, మురుకులు ఒప్పుకుని ఉంది. ఆమె మర గడపలో నిలబడి అడిగింది.

"ఏమే, నిజంగా దాటిందా? రేపు కరెంటొస్తే మిల్లు ఆడుతుందా? నానబొయ్యనా?"

"నానబొయ్యక్కా. కరెంటు రాకపోతే జనరేటర్ తెప్పిస్తా."

నానబొయ్యమన్నదీ నేనే, మోటారు దించుదామన్నదీ నేనే. అత్త, రేపు పొద్దున చూద్దాం లేవే అంది. నేను విననే లేదు. ఊరికే కూర్చోవడం నాకు చేతకాదు. చేతులు ఖాళీగా ఉంటే పాపం చేస్తున్నట్టుంటుంది. మోటారు దించి, బోల్టులు బిగించి, బెల్టు ఎక్కించి, గచ్చు కూడా తుడిచాను. అక్క తన మూటలు అటక మీదినుంచి దింపి ఇంటికి పట్టుకుపోయింది.

ఆ రాత్రి పడిన వాన గురించి ఊళ్ళో అందరికీ తెలుసు, నేను వర్ణించేదేమీ లేదు. తుఫాను మమ్మల్ని దాటి ఎక్కడికీ పోలేదు. మా నెత్తిన కూర్చుంది. తెల్లవారేసరికి మరలో మోకాలెత్తు నీళ్ళు. మోటారు పూర్తిగా మునిగింది. డబ్బాలు తేలుతూ ఒకదానికొకటి కొట్టుకుంటున్నాయి. అక్క ఇంట్లో నడుమెత్తు. ఆమె నానబోసిన బియ్యం గిన్నెతో సహా ఎటు పోయిందో తెలియదు.

నీళ్ళు రెండు రోజుల్లో పోయాయి. అసలు నష్టం ఆ తర్వాత మొదలైంది. ఊళ్ళో మునిగిన మోటారు మాదొక్కటేనా? ఇళ్ళల్లో నీళ్ళ మోటార్లు, గ్రైండర్లు, ఐసు మిషన్లు, వెల్డింగు మిషన్లు, అన్నీ ఒకే రోజు మునిగాయి. వైండింగ్ చేసే షాపు ముందు మోటార్లు రోడ్డు మీద బారులు తీరి ఉన్నాయి. వైండింగ్ చేసే ఆయన చేతులు జోడించి, "అమ్మా, నాకుండేది రెండు చేతులే," అన్నాడు. రాగి తీగె కూడా దొరకలేదు. మా వంతు వచ్చి మోటారు తిరిగి ఆడేసరికి ఇరవై ఆరు రోజులు పట్టింది.

ఇరవై ఆరు రోజులు మా మర ఆగితే ఏమవుతుంది? పదడుగుల గది, ఎవరికి పట్టింది అనిపించవచ్చు. ఇడియాప్పం ఆమె మూడు రోజులు చూసి పొట్లాం పిండి కొనడం మొదలుపెట్టింది. ఆ పొట్లాల వ్యాను నీళ్ళు తీసిన మర్నాడే మా వీధిలోకి వచ్చింది. వాళ్ళ గోదాము ఎక్కడో మెరక మీద ఉంది, తడవలేదు. సత్తుపిండి ముసలాయన కొడుకింటికి పోయాడు. టీకొట్ల వాళ్ళు మాత్రం ఎన్నాళ్ళు ఖాళీ సీసాలు పెట్టుకుంటారు? సేలం నుంచి వచ్చే ప్లాస్టిక్ సంచుల మురుకులు తగిలించుకున్నారు. ఒకసారి తగిలించాక మళ్ళీ తీయలేదు. వీధిలో దర్జీ, జిరాక్సు కొట్టాయన, ఇస్త్రీ ఆయన, ఒక్కొక్కరిదీ ఒక్కో రకం ఇరవై ఆరు రోజులు. గాలివాన ఒక్కరోజు పని. దాని వెనక వీధి మూతబడి ఉన్న రోజులే మమ్మల్ని తినేశాయి.

పెళ్ళి ఇంటివాళ్ళకు సమాధానం చెప్పుకోలేక అక్క రెండు రోజులు ఫోను కట్టేసింది. తర్వాత ఆ ఇల్లు ఖాళీ చేసి, అద్దె తక్కువని మురుంగపాక్కంలో ఒక గది తీసుకుని, ఒక కంపెనీలో తుడిచే పనికి కుదురుకుంది. పోయేటప్పుడు మా ఇంటికి రాలేదు. నేనే వెళ్ళాను. ఆటోలో మూకుడు పెట్టుకుని కూర్చుని ఉంది.

"నీ మాట మీద నానబోసినానే," అంది. అంతే. తిట్టలేదు. తిట్టి ఉంటే నాకు కొంచెం బాగుండేది.

ఆమె సొట్ట డబ్బా నీళ్ళలో కొట్టుకొచ్చి మా మర మూలన ఇరుక్కుపోయింది. కడిగి అటక మీద పెట్టాను. కబురు పంపాను, తీసుకుపోలేదు.

మర ఆడుతోంది కానీ నాకు నిద్ర పట్టేది కాదు. పొద్దున గడప పక్కన డబ్బాల వరస చూసినప్పుడల్లా ముందర ఖాళీ కనిపించేది. తప్పు చేశాను, ఆ తప్పుకు ఒక మనిషి పొయ్యి ఆరిపోయింది. ఆ పొయ్యి మళ్ళీ వెలిగించాలి, అంతకంటే నాకు వేరే పని లేదు అనుకున్నాను. అనుకున్నానంటే ఇక వదలను. అత్త దాన్ని దెయ్యం పట్టడం అంటుంది.

ఆ ఎండాకాలం మా వార్డులో ఆపదల శిక్షణ అని పక్క బడిలో మూడు రోజులు పెట్టారు. చెప్పడానికి వచ్చింది అగ్నిమాపక దళంలో పనిచేసి రిటైరైన పెద్దాయన. తాళ్ళు ముడి వేయడం, మనిషిని మోసుకురావడం, మంటలార్పడం నేర్పాడు. ఆడవాళ్ళం నలుగురమే ఉన్నాం. రెండో రోజు నేను లేచి నిలబడి అడిగాను.

"సార్, పుయలు కరై దాటింది అంటారే, దానికి అర్థం ఏంది? పోయిందనా, వచ్చిందనా?"

కొందరు నవ్వారు. ఆయన నవ్వలేదు. బోర్డు మీద నిలువుగా ఒక గీత గీశాడు. "ఇది కరై. ఈ పక్క సముద్రం, ఈ పక్క నేల. తుఫాను ఈ పక్కనుంచి ఈ పక్కకు దాటుతుంది. రామ్మా, మీ మిల్లు యాడుందో చుక్క పెట్టు."

చాక్ పీస్ తీసుకుని గీతకు ఇవతల, నేల పక్కన చుక్క పెట్టాను. అది దాటి వచ్చింది మా మీదికే. నడుమ కాసేపు గాలి ఆగుతుందనీ, దాని వెనక సగం ఇంకా మిగిలి ఉంటుందనీ, గాలి తగ్గినా వాన కూర్చుంటుందనీ ఆయన చెబుతున్నాడు. నాకు సగమే వినిపించింది. బడిపిల్లలకు తెలిసే గీత ఇది. ఇంత వయసొచ్చి, చదువు వచ్చి, మూడు భాషలు వచ్చి, నేను దాన్ని చూడలేదు.

విరామంలో ఆయన దగ్గరికి వెళ్ళి పోట్లాట పెట్టుకున్నాను. "అంగళ్ళు మూయండి మూయండి అని చెప్తారు గదా, మూస్తే మా తిండి ఎవరు పెడతారు సార్? పది హెచ్చరికల్లో ఎనిమిది ఉత్తవే అవుతాయి." ఆయన టీ తాగుతూ నెమ్మదిగా అన్నాడు. "మూసేది ఒక రోజమ్మా. నేనడిగేది వేరే. అంతా అయినాక మీరు ఏ రోజు తెరుస్తారు? అది చెప్పండి. దాన్ని బట్టి ఏం ఎత్తాలో మీకే తెలుస్తుంది."

ఆ మాట పట్టుకుని నేను వీధిలో పదకొండు అంగళ్ళు తిరిగాను. ప్రతి అంగట్లో ఒకటే ప్రశ్న. "నీ అంగడి ప్రాణం యాడుంది?" మొదట అందరూ తికమకపడ్డారు. దర్జీ ఆలోచించి, మిషన్ కాదమ్మా, ఇచ్చిన గుడ్డలు, అవి తడిస్తే నన్ను ఇంకెవరూ నమ్మరు అన్నాడు. జిరాక్సాయనకు మిషనే ప్రాణం. మందుల షాపులో కింది అరలో పెట్టిన ఇన్సులిన్ ఫ్రిజ్జు. ఇస్త్రీ ఆయన చాలాసేపు చూసి, బొగ్గులు అన్నాడు. నిజమే, తడి బొగ్గుతో పెట్టె ఎలా కాలుతుంది? ఎవరి ప్రాణాన్ని వాళ్ళు తల ఎత్తున పెట్టుకునే చోటు చూశాం. చోటు లేని వాళ్ళకు మా అటక ఇచ్చాం. నా అటక అందరికీ రాసిచ్చేస్తున్నావా అని అత్త అరిచింది. అరుస్తూనే అటక మీద పాత సామాను తీయించి చోటు చేసింది.

ఇక తేలాల్సింది ఎత్తినదాన్ని ఎప్పుడు దించాలనేది. గాలిని నమ్మకూడదు, ఎండను నమ్మకూడదు, ఫోనులో దాటింది అన్న మాటను అసలే నమ్మకూడదు. మా వీధి చివర పెద్ద కాలువ ఉంది. సముద్రం పొంగి ఉన్నంతసేపు ఆ కాలువ నీళ్ళు తీసుకోదు, వెనక్కి కక్కుతుంది. కాలువ మూతి దగ్గర మూడు మెట్లున్నాయి. కింది మెట్టు పొడిగా కనిపించిన తర్వాతే ఎవరైనా ఏదైనా దించాలని వీధంతా ఒప్పుకుంది. ఆ మెట్టుకు ఎర్ర రంగు వేశాను.

ఆ కబురు అందరికీ తెలిసేలా మర తలుపుకు ఒక పలక తగిలించాను. ఒకవైపు "ఎత్తండి", రెండోవైపు "దిగింది", అంటే వరద తీసింది, ఇక దించుకోవచ్చని. ఇక్కడే ఒక చిక్కు. మా వీధిలో తెలుగు మాట్లాడే ఇళ్ళు చాలా ఉన్నాయి కానీ తెలుగు అక్షరాలు చదివేదాన్ని నేనొక్కదాన్నే. మా అత్తతో సహా అందరూ తమిళ బడిలో చదివినవాళ్ళు. అందుకని తెలుగు మాటను తమిళ అక్షరాలతో రాశాను. తమిళంలో త, ద లకు అక్షరం ఒకటే. క, గ లకూ ఒకటే. అటుగా పోయే తమిళులు ఆగి ఆగి చదివారు. "తికింది? తికింది అంటే ఏంటి?" జిరాక్సాయన తమిళుడే. అతను నవ్వు ఆపుకోలేకపోయాడు. వారం తిరక్కుండా వీధిలో అది మాటైపోయింది. అప్పడాలు ఎండాయా అంటే తికింది. కోపం తగ్గిందా అంటే తికింది. ఒకరోజు మా అత్త నన్ను చూసి, "ఏమే, నీ దెయ్యం తికిందా?" అంది. తుడిచేసి ఇంగ్లీషులో రాద్దామా అనుకున్నాను. కానీ నవ్వుతూనైనా అందరి నోటా నలిగిన మాటను వదులుకోవడం తెలివితక్కువ. ఉండనిచ్చాను.

వానలు మొదలయ్యే ముందు మురుంగపాక్కం వెళ్ళాను. అక్క పని నుంచి వచ్చి గడపలో కూర్చుని కాళ్ళు పిసుక్కుంటోంది. రోజంతా ఫినాయిలు నీళ్ళల్లో నాని వేళ్ళు తెల్లగా పాలిపోయి ఉన్నాయి. ఎర్ర మెట్టు సంగతి, పలక సంగతి, బోర్డు మీద నేను పెట్టిన చుక్క సంగతి అన్నీ చెప్పాను. మళ్ళీ పొయ్యి పెట్టుకో, నాలుగు టీకొట్లతో నేను మాట్లాడతాను అన్నాను. పలకను వాళ్ళు ఎలా చదివారో చెప్పినప్పుడు ఆమె పెదవి కొంచెం కదిలినట్టనిపించింది. కానీ తల అడ్డంగా ఊపింది.

"నువ్వు మంచిదానివే. నీ నోటి మాట మీద మాత్రం నేను ఇంక బియ్యం నానబొయ్యను."

"నా మాట మీద వద్దక్కా. మెట్టు మీద."

"పో అమ్మి, చీకటి పడతా ఉండాది. బస్సు దొరకదు."

బస్సులో ఏడ్చాను. దిగేటప్పటికి ఏడుపు పోయి మళ్ళీ కోపమే మిగిలింది. నా కోపం నాకు చాలాసార్లు పనికొచ్చింది.

ఆ ఏడు కార్తీకంలో మళ్ళీ హెచ్చరిక వచ్చింది. పలక "ఎత్తండి" వైపు తిప్పాను. మధ్యాహ్నంలోపు వీధి మొత్తం ఎత్తేసింది. దర్జీ గుడ్డల మూటలు, బొగ్గుల బస్తాలు, ఇన్సులిన్ పెట్టె మా అటకెక్కాయి. మోటారు గొలుసుకు వేలాడింది. రాత్రంతా గాలి కొట్టింది. పొద్దునకు ఫోన్లన్నీ ఒకటే మోత. కరై కడందదు, దాటింది, దాటింది. తొమ్మిదింటికి చక్కటి ఎండ.

అప్పుడు మొదలైంది అసలు పరీక్ష. గడప పక్కన డబ్బాలు చేరాయి. కరెంటు కూడా వచ్చేసింది. మెస్సు ఆయన స్కూటరు దిగి మిరపకాయల గోతం చూపించాడు. "ఏమ్మా, ఎండ చూడలేదా? దించి ఆడించు. మధ్యాహ్నానికి కావాల." నేను వీధి చివరికి నడిచి చూసి వచ్చాను. కింది మెట్టు లేదు. నడిమి మెట్టు మీద నీళ్ళు నిలకడగా, మురికిగా ఉన్నాయి.

"దిగలేదన్నా. రేపు చూద్దాం."

"రేపటికి నేను వేరే మిల్లు చూసుకుంటా."

"చూసుకో అన్నా."

గోతం ఎత్తుకుని పోయాడు. మా మరకు పెద్ద గిరాకీ ఆయనే. అత్త ముఖం నల్లబడింది. "దాటిందని లోకమంతా చెప్తా ఉంటే నీకొక్కదానికే తెలుసా? ఎండ కాస్తా ఉండాది. దించు."

"యాడికి దాటింది అత్తా? సముద్రం దాటి మనింటికే గదా వచ్చింది. పోయినట్టు నీకెవరు చెప్పినారు?"

ఆమె గొలుసుకు వేలాడుతున్న మోటారు వైపు చూసింది. తర్వాత గడప మీద, తోవకు అడ్డంగా, కాళ్ళు చాపుకుని కూర్చుంది. ఇంకెవరైనా దించమని అడిగితే ఆమెను దాటుకుని లోపలికి రావాలి. మధ్యాహ్నం దాకా అలాగే కూర్చుని వచ్చినవాళ్ళందరికీ, "తికలేదు, పోండి," అని చెప్పింది.

నాకు లోపల భయంగానే ఉంది. నీళ్ళు రాకపోతే? మెస్సు ఆయన పోయాడు, రేపు ఇంకొకరు పోతారు. జాగ్రత్త పేరుతో మరను నేనే చంపుకుంటున్నానా? అయినా పలక తిప్పలేదు. మూడింటికి సముద్రం పోటెత్తే వేళకు కాలువ వెనక్కి కక్కింది. ఎండలోనే, ఒక్క చినుకు లేకుండా, నీళ్ళు మూడు మెట్లూ ఎక్కి వీధిలోకి వచ్చాయి. మా మరలో పిక్కలదాకా నిలిచాయి. మోటారు పైన పొడిగా వేలాడుతోంది. అత్త గడప మీదినుంచి లేచి చీర కుచ్చిళ్ళు ఎత్తి దోపుకుని, నాకు కాఫీ పెట్టి ఇచ్చింది.

నీళ్ళు ఆ రాత్రి, మర్నాడు పగలంతా ఉన్నాయి. మూడో రోజు పొద్దున వెళ్ళి చూస్తే కింది మెట్టు కనిపించింది. ఎర్ర రంగు మీద సన్నని బురద, అంతే. సాయంత్రం దాకా ఆగాను. మెట్టు ఎండింది. వీధిలో నడుస్తూ ప్రతి అంగడి ముందూ, "దిగింది, దిగింది," అని అరిచాను. "తికింది," అని జిరాక్సాయన లోపలినుంచి అరిచాడు. మందుల షాపు, దర్జీ, ఇస్త్రీ ఆయన, అందరూ అటక దగ్గరికి వచ్చి ఎవరి ప్రాణాన్ని వాళ్ళు పట్టుకుపోయారు. రేపు పొద్దున పదకొండు అంగళ్ళూ తెరుచుకుంటాయి. మెస్సు ఆయన వేరే మరకు పోయాడు, తిరిగి వస్తాడో లేదో తెలియదు. ఆ నష్టం నష్టమే, దాన్ని దాచి చెప్పను.

పలక తిప్పుతుండగా ఫోను మోగింది. చాలా నెలలుగా ఆ నంబరు నా ఫోనులో మోగలేదు. ఎత్తాను. నెమ్మదిగా ఒక గొంతు.

"ఏమే, తికిందా?"

పలకను పూర్తిగా తిప్పేశాను.

"తికిందక్కా. మెట్టు ఎండింది. నేనే చూసినా."

"మీ వీధి టీకొట్టాయన ఫోను చేసినాడు. సేలం బండి రాలేదంట, మళ్ళీ ఇస్తావా అని అడిగినాడు." వెనక ఏదో గిన్నెలో నీళ్ళు వంచుతున్న చప్పుడు. "బియ్యం నానబోసినా."

"ఎంత?"

"రెండు పడులు. ఎన్నింటికి తెరుస్తావు?"

"నువ్వొచ్చే టయానికి."

ఫోను పెట్టేసి లోపలికి వెళ్ళాను. అత్త అప్పటికే గొలుసు పట్టుకుని నిలబడి ఉంది. ఇద్దరం మోటారును మెల్లగా దించి, నాలుగు బోల్టులూ బిగించాం. తర్వాత నేను నిచ్చెనెక్కి అటక మీదినుంచి సొట్ట డబ్బా తీశాను. దుమ్ము తుడిచి, గడప పక్కన, పొద్దున రాబోయే డబ్బాలన్నిటికంటే ముందు పెట్టాను.